అవ్వ ఊడబెరికిన అద్దం

మా అవ్వ మగ్దలీనమ్మకు ఏ వస్తువు చేతికొచ్చినా తట్టి చూడనిదే నమ్మకం కుదరదు. కొబ్బరికాయ తడుతుంది, అది అందరూ చేసేదే. ఆమె కొత్త బకెట్టు తడుతుంది, గోడ తడుతుంది, మంచంకోడు తడుతుంది. మనవళ్లు మనవరాళ్లు దగ్గరికి పోతే నెత్తిమీద వేలి కణుపుతో ఒకటి మొట్టి, చెవి వంచి విని, "ఇది ఇంకా పచ్చిరాయే" అని తీర్పు చెబుతుంది. పరీక్ష తప్పినవాళ్లకు రెండోసారి మొట్టి చూస్తుంది. తీర్పు మాత్రం మారదు.

ఆమె చేసిన పని అటువంటిది. పెళ్లయిన కొత్తలో తర్లుపాడు నుంచి మార్కాపురం పలకల ఫ్యాక్టరీకి పోవడం మొదలుపెట్టి, ఆ ఫ్యాక్టరీ మూతపడేదాకా పలకలకు చట్రాలు బిగించింది. పలకను చేతిలోకి తీసుకోవాలి, గోటితో తట్టి వినాలి. ఖంగుమంటే మంచిది. చప్పగా పలికితే లోపల ఎక్కడో బీట ఉన్నట్టు, పక్కన పడేయాలి. మంచి పలకను చెక్క చట్రంలోకి దించి, అది సర్దుకునేలా నాలుగు మూలలా చెక్కసుత్తితో మెల్లగా కొట్టాలి. ఆమె మొగుడు కరుణాకరం గనిలో రాయి చీల్చేవాడు. తీసిన రాయి ఎండిపోతే పొరలు విడవవని తడి గోతం కప్పి పెట్టేవాడు. ఇప్పుడు ఆ తాతా లేడు, ఆ ఫ్యాక్టరీ కూడా లేదు. చెక్కసుత్తి మాత్రం మిగిలింది. వంటింట్లో అల్లం చితకొట్టడానికి, శనక్కాయలు ఒలవడానికి అదే. దాన్ని ఇంకెవరైనా ముట్టుకుంటే అవ్వ మొహం మాడిపోతుంది.

ఈ మధ్య ఆమెకు ఆ చేతులమీదే భయం పట్టుకుంది. మొదట గాజు సీసా జారింది. తర్వాత పాలగిన్నె పొయ్యిమీద మరిచిపోతే అడుగు నల్లబడి చిల్లు పడింది. ఆ తర్వాత మిక్సీ జారు. రాత్రి తనే కడిగి బోర్లించింది, పొద్దున చూస్తే అంచు పగిలి ఉంది. ఎప్పుడు తగిలించిందో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది. పగలగొట్టడం ఒకటి, పగలగొట్టింది కూడా తెలియకపోవడం ఇంకొకటి.

ఆ పగిలిన జారు చేత్తో పట్టుకుని కొడుకు పాల్ రాజు అన్నాడు: "మా, ఇంగ నీ వల్ల కాదు. ఇంకొక్కటి పగిలిందంటే నిన్ను గిద్దలూరు బస్సెక్కిస్తా. అక్క దగ్గర హాయిగా కూచో."

ఆటో తోలేవాడికి నోరు కాస్త జోరే. ఆ మాట అన్న సంగతి సాయంత్రానికి వాడికే గుర్తుండదు. కానీ అవ్వ ఆ మాటను చట్రంలో బిగించి గోడకు తగిలించుకుంది. గిద్దలూరులో కూతురి ఇల్లు, అంటే మా ఇల్లే, మూడో అంతస్తులో ఉంటుంది. అక్కడ మేక లేదు, వాకిలి లేదు. ముట్టుకోవడానికి మట్టి లేదు. రైలు పోతే కిటికీలు వణుకుతాయి. ఆమె చేయబోయిన ప్రతి పనికీ "నువ్వు కూర్చోమ్మా" అంటుంది కూతురు. ప్రేమతోనే అంటుంది. ఆ ప్రేమ అవ్వకు జైలుశిక్షలాగా వినిపిస్తుంది. పోయినసారి వచ్చినప్పుడు కూర్చుని కూర్చుని, ఆఖరికి మా టీవీని తట్టి చూసి, "ఇది చప్పగా ఉంది, పడేయండి" అని చెప్పి ఊరికి పోయింది.

ఇదీ ఆమె భయం. ఇంకొక్క వస్తువు పగిలితే గిద్దలూరు.

ఆ శనివారం కోడలు ఫెబీ మార్కాపురం పోయింది. ఫెబీ అంగన్వాడీ టీచరు. ఆమె ఫోను సొంతం కాదు, ఆఫీసువాళ్లిచ్చింది. పిల్లల ఫోటోలు, హాజరు అన్నీ అందులోనే. ఛార్జింగు అయిపోయిందని దాన్ని ఇంట్లోనే గోడకు తగిలించి, వేడెక్కకుండా పౌచులోంచి తీసి పక్కన పెట్టి, "అత్తా, ఆయన చేస్తే ఎత్తండి. పచ్చది పైకి జరపాల, తెలుసు గదా" అని చెప్పి బస్సెక్కింది.

"నాకు తెలీదా ఏంది, పో" అంది అవ్వ.

నిజంగానే తెలుసు. ఛార్జింగు నిండినాక తీగ పీకాలని కూడా తెలుసు. పీకింది. నల్లగా, చదునుగా, చల్లగా అరచేతిలో ఒదిగిన ఆ ఫోను, పక్కన ఖాళీగా నోరు తెరుచుకున్న పౌచు. ముసలి చేతులకు ఏదో గుర్తొచ్చింది. ఆమెకు గుర్తు రాలేదు, చేతులకే వచ్చింది. గోటితో తట్టి విన్నాయి. పౌచులోకి దించాయి. ఒక మూల సరిగ్గా కూర్చోలేదు. శనక్కాయల గంప పక్కనే చెక్కసుత్తి ఉంది. ఈ మూల ఒకటి, ఆ మూల ఒకటి, కింద ఒకటి...

టప్పుమంది.

పెద్ద శబ్దమేం కాదు, పెసరగింజ నమిలినట్టు. కానీ అవ్వ సుత్తి పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఫోను మీద మూల నుంచి మధ్యదాకా సాలెగూడు అల్లుకుని ఉంది. చూస్తూ ఉండగానే ఇంకో గీత సన్నగా పాకి అంచుకు చేరింది.

"ప్రభువా" అంది అవ్వ.

అక్కడే కూలబడింది. కొంగుతో తుడిచింది, గీతలు పోలేదు. గట్టిగా తుడిచింది, కొంగు దారం ఒకటి గీతలో ఇరుక్కుని ఊడొచ్చింది. సుత్తిని శనక్కాయల కింద దాచిపెట్టింది, ఎవరో సాక్షిగా పిలుస్తారన్నట్టు. కళ్లముందు గిద్దలూరు బస్సు కనబడుతోంది. మెట్టుమీద నిలబడి పాల్ రాజు తన సంచి పైకి అందిస్తున్నాడు. ఆఫీసు ఫోను గదా, ఫెబీని నిలబెట్టి అడుగుతారు. కోడలి ఉద్యోగానికి ఎసరు పెట్టిన అత్త అని ఊరంతా అంటారు.

బస్టాండు దగ్గర పర్వేజ్ సెల్లు దుకాణం ఉంది. పోయి ఇచ్చి రావచ్చు. కానీ పర్వేజ్, పాల్ రాజు ఒకే కంచంలో తినే స్నేహితులు. దుకాణం మెట్టు దిగేలోపే కొడుక్కి కబురు పోతుంది. ఒకసారి పాల్ రాజు ఫోను అద్దం పగిలితే ఆ దుకాణంలోనే కూర్చుని అవ్వ చూసింది. పర్వేజ్ ఏదో వేడిగాలి పెట్టాడు, సన్నటి రేకు దూర్చాడు, పై అద్దాన్ని పొరలా లేపాడు. అప్పుడే అనుకుంది, ఇందులో ఏముంది, మా ఆయన గనిలో కొండనే ఇట్లా పొరలు పొరలుగా విప్పేవాడు అని.

తనే బాగు చేసుకుంటే? ఫెబీ సాయంత్రం బస్సుకు గానీ రాదు. పైపొర తీసేస్తే కింద నున్నగా ఉండదా? రాయి అయితే ఉంటుంది.

ఆలోచన ఇంకా తెగకముందే ఫోను మోగింది. ఫెబీ పెట్టుకున్న క్రైస్తవ పాట అది. ఆ సాలెగూడు వెనకాల పాల్ రాజు మొహం వెలిగింది. ముక్కు ఒక ముక్కలో, కన్ను ఇంకో ముక్కలో. పగిలిన మొహంతో కొడుకు తననే చూస్తున్నట్టుంది. పచ్చ గుర్తు దగ్గరికి వేలు పోయింది, గాజు పొడి గుచ్చుకుని వెనక్కొచ్చింది. పాట ఆగిపోయేదాకా అవ్వ ఊపిరి బిగబట్టి కూర్చుంది.

"మగ్దలీనక్కా!" అని వాకిట్లోంచి పిలుపు. పక్కింటి గురవమ్మ.

అవ్వకు ఏం చేయాలో తోచక ఫోనును కింద పెట్టి దానిమీద కూర్చుంది.

"నాలుగు కరేపాకు రెబ్బలు దూసుకుంటాక్కా" అంటూ గురవమ్మ లోపలికొచ్చి తీరిగ్గా గడపమీద కూలబడింది. "ఏంది మొగం అట్ల పాలిపోయింది? జ్వరమా?"

"ఎండ."

"ఇంట్లో కూచున్నదానికి ఎండేందక్కా. ఇదిగో, నీకు తెలుసా, పొదిలిలో మా మరిది తోడల్లుడు ఫోను జోబీలో పెట్టుకోని పండుకున్న్యాడంట. అది కాలి, పేలి, చొక్కా అంతా మంట! అద్దం పగిలిన ఫోనంట. పగిలిన ఫోను నిప్పుతో సమానమని డాక్టరే చెప్పినాడంట."

అవ్వ కింద నేల వేడెక్కినట్టయింది. కొంచెం పక్కకు జరగబోయి, జరిగితే ఫోను కనబడుతుందని ఆగిపోయింది.

"బతికినాడా?"

"బతికినాడులే. చొక్కా పోయింది."

సరిగ్గా అప్పుడే అవ్వ చీర కిందినుంచి పాట మొదలైంది. గురవమ్మ నోరు తెరిచింది.

"అక్కా, నీ కింద పాట వస్తుండాదే!"

"చర్చిలో మైకు పెట్టినారు."

"శనివారమా?"

"రేపటికి సరి చూసుకుంటుండారు. నువ్వు ఆకు దూసుకోని పోవే, పొయ్యిమీద కూర మాడుతాదేమో."

"నేనింకా పొయ్యే ముట్టియ్యలేదు గదా" అంటూనే గురవమ్మ లేచింది. పోతూ పోతూ రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది. ఆమె కరివేపాకు మాట మరిచిపోయిందని అవ్వకు అర్థమైంది. అంటే అనుమానం వచ్చినట్టే. ఇక ఎంతోసేపు పట్టదు.

లేచి ఫోను చేతిలోకి తీసుకుంటే వెచ్చగా ఉంది. అది తన వేడో, ఫోను వేడో తేల్చుకోలేక అవ్వ దాన్ని చెయ్యంత దూరాన పట్టుకుని పెరట్లోకి నడిచింది. పెరటి అరుగుమీద పరిచిన నల్లరాయి ఎండకు పెనంలా కాలుతోంది. పర్వేజ్ వేడిగాలి పెట్టాడు. తన దగ్గర ఉన్న వేడి ఇదే. రాయిమీద గుడ్డ పరిచి ఫోను బోర్లించింది. తను నాలుగడుగులు వెనక్కి పోయి, మేకను ఇంకా దూరంగా కట్టేసి, చింతచెట్టు మాను వెనక నిలబడి, తల మాత్రం బయటికి పెట్టి చూసింది. పేలితే మాను కాపాడుతుందని లెక్క.

పేలలేదు. కానీ ఒక్కసారి కుయ్యిమంది. అవ్వ మాను వెనక్కి నక్కింది. ఎంతసేపటికీ మళ్లీ చప్పుడు లేదు. దగ్గరికి పోయి తిరగేస్తే తెరమీద ఎర్రగా ఏవో ఇంగ్లీషు అక్షరాలు. ఆమెకు తెలుగు అక్షరాలే కూడబలుక్కోవాలి. ఎరుపు మాత్రం ఏ భాషలోనైనా ఎరుపే. చూస్తుండగానే అక్షరాలు మాయమై తెర మొత్తం నల్లబడింది. మీట నొక్కింది. వెలగలేదు. మళ్లీ నొక్కింది. ఊహూ.

"సచ్చిపోయింది" అంది అవ్వ, మేకతో.

చేతులు వాటంతటవే గోతం కోసం వెతికాయి. రాయి కాలిపోతే, ఎండిపోతే, తడి గోతం చుట్టాలి. కరుణాకరం చేసింది అదే, ఆమె చూసింది అదే. తొట్టి దగ్గర గోతం ముంచి, పిండి, ఫోనుకు చుట్టబోతూ ఉలిక్కిపడి ఆగింది. "అత్తా, నీళ్లు తగిలితే ఇది గోవిందా" అని ఫోను ఇంటికొచ్చిన తొలిరోజే ఫెబీ చెప్పింది. తడి గోతం చేతిలోంచి కింద పడింది. ఇంకొక్క క్షణం ఆలస్యమైతే రెండోసారి చంపి ఉండేది. తన చేతులు తన మాట వినడం లేదు. అవి ఇంకా ఫ్యాక్టరీలోనే ఉన్నాయి. కొడుకు చెప్పింది నిజమేనేమో. గిద్దలూరులో కూర్చోబెట్టాల్సిన చేతులేనేమో ఇవి.

మాను కింద కూర్చుని ప్రార్థన చేసింది. "ప్రభువా, దీన్ని లేపితే ఆదివారం గుడిలో నిలబడి సాక్ష్యం చెప్పుకుంటా." అనేశాక గుర్తొచ్చింది. సాక్ష్యమంటే అందరి ముందరా జరిగింది జరిగినట్టు చెప్పాలి. ముందువరసలో పాల్ రాజు ఉంటాడు. "మనసులో చెప్పుకుంటా ప్రభువా, నీకు వినపడదా ఏంది" అని మాట మార్చుకుంది.

తర్వాత లోపలికి పోయి, కొడుకు గడ్డం గీసుకునే కొత్త బ్లేడు ఒకటి తెచ్చుకుంది. ఎటూ చచ్చిందే కదా అనుకుంది. పగుళ్లు లేని వైపు మూల చూసుకుంది. రాయినైనా మంచి వైపునుంచే విప్పాలి. బ్లేడు అంచును అద్దం కిందికి దూర్చింది. పోలేదు. వాలు మార్చింది. వెంట్రుకంత పోయింది. పట్టి ఉంచింది. అద్దం కింద తెల్లగా గాలి పాకడం కనబడింది, గనిలో పొర విడిచేముందు సన్నని గీత పాకినట్టే. అవ్వ నాలుక పళ్లమధ్య పెట్టుకుని బ్లేడు జరుపుతూ పోయింది. వేలు తెగింది, చూసుకోలేదు. రక్తపు చుక్క అద్దంమీద పడితే కొంగుతో అద్ది మళ్లీ జరిపింది.

కర్రుమంటూ అద్దం ఊడొచ్చింది. సగం ఒక ముక్కగా, మిగతాది పెంకులు పెంకులుగా, ఆమె ఒళ్లో.

అప్పుడు వేసింది అసలు భయం. ఇప్పటిదాకా పగిలిన ఫోను, ఇప్పుడు చర్మం ఒలిచిన ఫోను. ఎవరైనా వచ్చి చూస్తే ఏమని చెప్పాలి? పెంకులు ఒక్కొక్కటీ ఏరి డబ్బాలో వేసింది. కళ్లు మూసుకుని, బొటనవేలితో ఫోను మొహాన్ని తడిమింది. గరుకు తగల్లేదు. మళ్లీ తడిమింది. కొత్త పలకలా నున్నగా ఉంది. కళ్లు తెరిచి చూస్తే, మూలన పౌచు అంచు కిందకు వచ్చేచోట, ఒకే ఒక్క గీత. వెంట్రుకలా సన్నగా, కానీ ఉంది. గోరు పెడితే తగిలింది.

తన సుత్తి దెబ్బ లోపలిదాకా పోయిందన్నమాట.

మీట నొక్కింది. రాలేదు. నీడలో పెట్టి, తెగిన వేలికి గుడ్డ చుట్టుకుని, ఫోను చల్లబడేదాకా కాచుకుని, ఈసారి వదలకుండా నొక్కి పట్టింది. ఫోను వణికింది. తెర తెల్లగా వెలిగింది. అవ్వకు ఏడుపొచ్చింది.

వెలిగిన కాసేపటికే మోగింది. పచ్చది పైకి జరిపింది. జరిగింది!

"ఎన్నిసార్లు చెయ్యాల మా! ఏమైంది నీకు? ఎత్తవేంది?" పాల్ రాజు అరుపు.

"మేక తాడు తెంపుకున్న్యాది నాయనా."

"పొద్దన్నుంచీ తెంపుకుంటానే ఉందా? ఒకసారి చేస్తే స్విచ్చాఫ్ అంటాది. పడిపోయినావేమోనని నేను బాడుగ వదులుకోని వస్తుండా. ఫెబీకి పని ముందే అయిపోయిందంట, బస్టాండులో దొరికింది, ఇద్దరమూ వస్తుండాం."

అవ్వ ఏదో అనేలోపే పెట్టేశాడు. ఆటో చప్పుడు సందు మొదట్లోనే వినబడుతోంది.

పౌచు తొడిగే సమయం కూడా దొరకలేదు. పాల్ రాజు లోపలికొచ్చి తల్లిని పైనుంచి కిందిదాకా చూశాడు. వేలికి చుట్టిన గుడ్డ చూశాడు. అవ్వ చేతిలోని ఫోనును ఫెబీ చూసింది. చూసీ చూడగానే ఆమె మొహంలో రక్తం లేదు.

"నాయనా, నేను చెప్తా..." అని అవ్వ మొదలుపెట్టింది. బస్సు మెట్టు కళ్లముందు కనబడుతోంది.

"నేనే చెప్పినా అత్తకు!" అంది ఫెబీ గబగబా. ఫోను లాక్కుని పమిట చాటున పెట్టుకుంది. "పైన అతికించిన అద్దం పాతబడింది, తీసెయ్యండి అని. కొత్తది ఏపిచ్చుకోవాల గదా."

"అద్దమా? మా అమ్మనా తీసింది?"

"ఏం, అత్త తీయకూడదా? నువ్వు బోయి బాడుగ చూసుకో."

పాల్ రాజు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. అమ్మ బాగానే ఉంది, భార్య కసురుతోంది, అంటే ఇల్లు మామూలుగానే ఉంది. ఆటో ఎక్కి పోయాడు.

చప్పుడు దూరమైనాక అవ్వ కోడలి దగ్గరికి జరిగింది. "ఫెబీ, నువ్వెందుకమ్మా అబద్ధమాడినావు? నేనే పగలగొట్టినా. సుత్తితో కొట్టినా. ఆ మూల గీత చూడు, లోపలిదాకా..."

"అత్తా, మెల్లగా మాట్లాడండి!" ఫెబీ వాకిలిదాకా పోయి గురవమ్మ లేదని చూసి వచ్చింది. గొంతు తగ్గించింది. "ఆ గీత మీది కాదు. నాది. సంక్రాంతికి ముందే సెంటర్లో రుబ్బురోలు మీద పడేసినా. ఎట్ల పగిలిందో రాసియ్యమంటారని భయమేసి, ఎవరికీ చెప్పొద్దని పర్వేజన్నను బతిమాలి పైన ఇంకో నల్లంచు అద్దం ఏపిచ్చినా, గీత కనపడకుండా. మీరు పగలగొట్టింది ఆ పైదే. మీ కొడుకుతో అనొద్దత్తా. ఫోను పడితే ఉద్యోగానికే మోసమొస్తాదని వందసార్లు చెప్పినాడు నాకు."

అవ్వ కోడలి మొహం చూసింది. పొద్దున్నుంచీ తను పడ్డ వణుకంతా ఆ పిల్ల సంక్రాంతి నుంచీ పడుతోందన్నమాట. జాలేసింది. ఆ జాలి వెనకాలే ఇంకో సంగతి నెమ్మదిగా తలెత్తింది.

"ఫెబీ."

"ఆఁ అత్తా."

"ఆ మిక్సీ జారు?"

ఫెబీ నేల చూసింది. తర్వాత ఉల్లిగడ్డల బుట్ట ముందేసుకుని, ఎవరూ అడగకపోయినా గబగబా ఒలవడం మొదలుపెట్టింది.

అవ్వ తన రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని తిప్పి తిప్పి చూసుకుంది, ఎవరో ఎత్తుకుపోయి తిరిగి తెచ్చిచ్చినట్టు. శనక్కాయల కింద దాచిన సుత్తి తీసి, అల్లం ముక్క ఒకటి రోటిదగ్గర పెట్టి, ఒక్క దెబ్బ వేసింది. సరిగ్గా నడిమధ్య పడింది.

"సీసా, పాలగిన్నె మాత్రం నేనే" అంది. ఫెబీ నవ్వాపుకోలేకపోయింది.

మరుసటి వారం పాల్ రాజు అన్నం తింటూ గిద్దలూరు మాట ఎత్తితే, "అత్త ఏడికీ పోదు" అని ఫెబీ కూర వడ్డిస్తూనే తేల్చి చెప్పేసింది. వాడికి ఆశ్చర్యం. అత్తా కోడలు ఇంత ఒద్దికగా ఎప్పటినుంచి ఉంటున్నారో వాడికి అంతుపట్టలేదు.

ఫోనుకు కొత్త అద్దం వచ్చింది. గీత దాని కింద మళ్లీ దాక్కుంది. కానీ భయం పోయిందనుకుంటే పొరపాటు, ఇద్దరికీ చెరిసగం అయిందంతే. ఇప్పటికీ పాల్ రాజు టైము చూడడానికో, పాట పెట్టడానికో ఆ ఫోను వైపు చెయ్యి చాపితే చాలు, వంటింట్లోంచి ఒకరు, పెరట్లోంచి ఒకరు, చేస్తున్న పని వదిలేసి ఒక్కసారే పరుగెత్తుకొస్తారు.